పడవలో రెండో మనిషి

మా ఆయనకి మాట్లాడటం రాదని కాదు. వచ్చు. నా దగ్గర మాత్రం రాదు. ఇన్నేళ్ళ కాపురంలో నేను గట్టిగా తేల్చుకున్నది ఈ ఒక్క సంగతే.

ఆయన సిటీ బస్సు డ్రైవరుగా చేసి ఈమధ్యే రిటైరయ్యాడు. డ్రైవరు సీటు వెనక ‘డ్రైవరుతో మాట్లాడరాదు’ అని రాసి ఉంటుంది కదా, ఆ బోర్డు ఊడబెరికి ఇంటికి తెచ్చుకుని మెడలో వేసుకున్నట్టే ఉంటాడు. అన్నం పెడితే తింటాడు. ఇంకొంచెం వెయ్యనా అంటే తల ఊపుతాడు. అడ్డంగా ఊపాడా నిలువుగా ఊపాడా అన్నది గరిటె పట్టుకుని నేనే చూసుకోవాలి. ముందుగదిలో నా కుట్టుమిషను, దాని పక్కనే ఆయన కుర్చీ. స్కూలు యూనిఫారాలు, కర్టెన్లు, పొట్టయిపోయిన ప్యాంట్లు కుడుతూ నేను వాళ్ళ సంగతీ వీళ్ళ సంగతీ చెబుతూ ఉంటాను. ఆయన బెల్లం కొట్టిన రాయిలా కూర్చుని ఉంటాడు. పక్క ఊళ్ళో ఉద్యోగం చేసుకునే మా అమ్మాయి దగ్గర మొత్తుకుంటే, “నాన్న అంతేలే అమ్మా” అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంది. నిజంగా అంతే అయితే నాకు బాధ లేదు. గోడ మాట్లాడలేదని గోడ మీద ఎవరు అలుగుతారు?

ఆయన గోడ కాదని నాకు తెలుసు. ఎందుకంటే గడియారం ఉన్నాడు.

గడియారం అంటే మా ఆయన చిన్నప్పటి స్నేహితుడు. బస్టాండు ఎదురుగా వాచీలు బాగుచేసే చిన్న కొట్టు ఆయనది. ఊరందరి టైమూ సరిచేసేవాడు, తను మాత్రం ఎక్కడికీ టైముకి వచ్చిన పాపాన పోలేదు. అందుకే ఆ పేరు. మా ఇంటికొస్తే గుమ్మంలోంచే “చెల్లెమ్మా, టీ” అని కేకేసేవాడు. నోట్లో నువ్వుగింజ నానేది కాదు. తన కొట్టు సంగతులు, పక్క కొట్టు సంగతులు, ఎవరి వాచీ ఎవరింట్లో దొరికిందీ, అన్నీ చెప్పి నవ్వించి పోయేవాడు. వేసవి ఆదివారాల్లో వీళ్ళిద్దరూ తెల్లవారకుండానే గేలాలు సర్దుకుని ఊరి బయట చెరువుకి పోయేవాళ్ళు. కాగితాల మీద దాన్ని సరస్సు అంటారు, అంత పెద్దది. మాకు మాత్రం చెరువే. మధ్యాహ్నం దాటాక తిరిగొచ్చేవాళ్ళు. అప్పుడు చూడాలి మా ఆయన మొహం. కడుపునిండా మాట్లాడి వచ్చిన మనిషి మొహం ఎలా ఉంటుందో అలా తేటగా ఉండేది. నేను చేపలు కడుగుతూ, “ఏం మాట్లాడుకున్నారు అంతసేపూ?” అని అడిగేదాన్ని.

“ఏముంటాయి” అనేవాడు.

ఆ ‘ఏముంటాయి’లో ఏమున్నాయో తెలుసుకోవాలని నేను ఎంత ఆరాటపడ్డానో చెబితే నవ్వుతారు. ఇంకో ఆడదాని సంగతైతే ఏడ్చి, గోలచేసి, అటో ఇటో తేల్చుకునేదాన్ని. మాసిన గడ్డం, కంటికి భూతద్దం పెట్టుకునే వాచీల మనిషిని చూసి కుళ్ళుకుంటున్నానని ఎవరితో చెప్పుకోను? ఒకటి రెండుసార్లు ఆయన్నే అడిగాను, “అన్నయ్యా, చెరువులో ఈయన ఏం మాట్లాడతారు?” అని. గడియారం టీ గ్లాసు కింద పెట్టి, “చేపలకి వినబడకూడనివి” అని కన్నుగీటాడు.

పోయిన చలికాలంలో గడియారం నిద్రలోనే పోయాడు. మా ఆయన వెళ్ళాడు, భుజం పట్టాడు, తిరిగొచ్చాడు. ఏడవలేదు. నేనే ఏడ్చాను. ఆ తర్వాత నుంచి ఆయన తల ఊపడం కూడా తగ్గించేశాడు. అన్నం దగ్గర గరిటె పట్టుకుని నిలబడితే, వెయ్యమన్నాడో వద్దన్నాడో అర్థంకాక సగం గరిటె వేసేదాన్ని.

మనిషి దుఃఖంలో ఉన్నాడు, కాస్త తేరుకోనిద్దాం అనుకున్నాను. ఎండలొచ్చాయి, ఆయన రిటైరయ్యాడు, పొద్దస్తమానం ఇంట్లోనే ఉంటున్నాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. సరిగ్గా అప్పుడే మా అక్క ఫోను చేసింది. అక్కకి వేరే ఊళ్ళో పెద్ద టైలరింగు షాపుంది. కుట్టేవాళ్ళు ఇద్దరు చెప్పాపెట్టకుండా మానేశారట.

“నువ్వొచ్చెయ్యవే. షాపు మీద గది ఖాళీగానే ఉంది. ఇద్దరం కుట్టుకుంటూ, కబుర్లు చెప్పుకుంటూ కాలం గడిపేద్దాం” అంది.

“ఎన్నాళ్ళకే?”

“ఎన్నాళ్ళేమిటి, ఉండిపో. అక్కడ నిన్ను ఎవరు పలకరిస్తున్నారు గనక?”

అక్క ఉన్నమాటే అంది. ఉన్నమాటంటే ఉలుకెక్కువ కదా, నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆదివారం సాయంత్రంలోగా ఏ సంగతీ చెప్పకపోతే వేరేవాళ్ళని పెట్టుకుంటానంది. నేను మిషనుకి నూనె వేశాను, పాత దుప్పటి చుట్టాను, తాడు బిగించి కట్టాను. గది మధ్యలో మూటలా కూర్చుంది అది. ఇంట్లో చప్పుడు పోయింది. మా ఆయన రోజూ దాన్ని తప్పించుకుంటూ కుర్చీ దగ్గరికి వెళ్ళేవాడు. ఇదేమిటి, ఎందుకు కట్టావు, ఎక్కడికి? ఏదీ అడగలేదు.

శనివారం సాయంత్రం అటక మీంచి గేలాల సంచి దించాడు. నేను కూరగాయలు తరుగుతూ చూస్తున్నాను. కర్రలు తుడిచాడు, తంగూసు దారం చుట్ట విప్పి మళ్ళీ చుట్టాడు. అప్పుడు గుర్తొచ్చినట్టుంది, అలా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయాడు. చెరువు దగ్గర ఒంటరి మనిషికి పడవ ఇవ్వరు. మునిగితే చెప్పేవాడొకడు ఉండాలని అక్కడి పద్ధతి. ఇన్నేళ్ళూ ఆ రెండోవాడు గడియారమే.

“నేనొస్తాను” అన్నాను.

డ్రైవరు సీటు ఇమ్మని అడిగినట్టు చూశాడు నన్ను.

“ఎండ” అన్నాడు.

“ఎండంటే ఏమిటో నాకూ తెలుసులెండి.”

రాత్రి పడుకుని ఒక నిర్ణయానికొచ్చాను. రేపంతా పడవలో మేమిద్దరమే. రేడియో లేదు, పేపరు లేదు, లేచి వెళ్ళిపోవడానికి వీధి లేదు. అక్కడ కూడా ఈ మనిషి నోరు విప్పి, ఉండమనో, ఎందుకు పోతున్నావనో, కనీసం ఆ మిషను ఎందుకు కట్టావనో ఒక్క మాట అడగకపోతే, సాయంత్రం అక్కకి ఫోను చేసి వస్తున్నానని చెప్పేస్తాను. అడిగితే ఉంటాను. ఇంతకన్నా చవకగా ఏ ఆడదీ బేరం పెట్టి ఉండదు.

పొద్దున్నే మొదటి బస్సెక్కాం. దాన్ని నడిపే కుర్రాడు మా ఆయన దగ్గర పని నేర్చుకున్నవాడే. నమస్కారం పెట్టి ముందు సీటు చూపించాడు. మా ఆయన కిటికీ పక్కన కూర్చుని దారంతా రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

చెరువు గట్టు దగ్గర పడవల కాపలా ఆయన పళ్ళు తోముకుంటూ ఎదురొచ్చాడు. నన్ను చూసి తువ్వాలు సర్దుకున్నాడు.

“ఏంటి సారూ, ఈసారి అమ్మగారిని తెచ్చారు? గడియారం గారు రాలేదా?”

నేను మా ఆయన వంక చూశాను. ఆయన గేలాల సంచి ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకున్నాడు.

“రాలేదు” అన్నాడు.

“లేటుగా వస్తారేమోలెండి. ఆయన సంగతి తెలిసిందేగా.”

కాపలా ఆయన నవ్వాడు. మా ఆయన కూడా నవ్వాడు. “వస్తే ఇక్కడే ఉండమను” అన్నాడు. ఆయన గడియారం పోయాడని చెప్పలేకపోయాడా, నమ్మలేకపోతున్నాడా అన్నది తేల్చుకోలేక, టిఫిన్ డబ్బా పట్టుకుని వెళ్ళి పడవెక్కాను.

పడవ అంటే పెద్దదేదో ఊహించుకోకండి. అడుగు చదునుగా, సన్నగా, ఒక మనిషి కాళ్ళు చాచుకుంటే నిండిపోయేంత. మధ్యలో ఒకటే అడ్డచెక్క. దాని మీద ఒకరు పడవ ముక్కు వైపూ, ఇంకొకరు తోక వైపూ తిరిగి వీపుకి వీపు ఆనించి కూర్చోవాలి. పక్కపక్కన కూర్చుని ఇద్దరూ ఒకవైపు వంగితే తిరగబడుతుంది. ఎవరి గేలం వాళ్ళు, నీళ్ళ మీద తేలే బెండు ఎవరిది వాళ్ళు చూసుకోవాలి. ఏం కావాలన్నా వెనక్కి చెయ్యి చాపాలి గాని తిరగకూడదు. ఇదంతా మా ఆయన నాకు చెప్పింది ఒకే మాటలో.

“అటు తిరిగి కూర్చో.”

“మొహాలు కనబడొద్దూ?”

“బెండు కనబడాలి” అన్నాడు.

నా ఆశ మీద అక్కడే సగం నీళ్ళు పడ్డాయి. రాత్రంతా ఊహించుకుంది ఎదురెదురుగా కూర్చోవడం. చివరికి దక్కింది వీపు. ఆయన తెడ్డు వేస్తుంటే ఆ వీపు నా వీపుకి తగిలి వెళుతోంది, తగిలి వెళుతోంది. అవతలి ఒడ్డు దగ్గర కొండ నీడ పడేచోట తెడ్లు లోపల పెట్టి, తాడు కట్టిన రాయి నీళ్ళలోకి వదిలాడు. ఎండాకాలం చేపలు నీడపట్టున లోతులో ఉంటాయిట. ఈ ముక్క కూడా ఆయన చెప్పలేదు, ఎప్పుడో గడియారం చెప్పాడు.

గేలానికి తంగూసు కట్టడానికి ఆయన అవస్థ పడుతున్నాడని వెనక ఊపిరి వింటేనే తెలిసింది. కళ్ళజోడు పైకెత్తుతున్నాడు, దించుతున్నాడు. నేను వెనక్కి చెయ్యి చాపాను. గేలం నా అరచేతిలో పెట్టాడు. సూదిలో దారం ఎక్కించి బతికేదాన్ని, నాకు ఇదెంత? రెండు చుట్లు చుట్టి, మెలిపెట్టి, పంటితో కొరికి ఇచ్చాను. లాగి చూశాడు. ఊడలేదు. బాగుందని అంటాడేమోనని చెవులు రిక్కించి కూర్చున్నాను. ముత్యాలు రాలిపోతాయనుకున్నాడో ఏమో, అనలేదు.

కాసేపు చూసి నేనే మొదలుపెట్టాను.

“నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయో చూశారా?”

“ఊఁ.”

“అక్క ఫోను చేసింది మొన్న.”

వీపు కొంచెం బిగిసింది. అడుగుతాడనుకున్నాను.

“చేపలు బెదురుతాయి” అన్నాడు.

అయిపోయింది. ఇక నేను మాట్లాడితే ఒట్టు అనుకున్నాను. కోపంతో చెవులు వేడెక్కాయి. తల మీద తువ్వాలు కప్పుకుని నా బెండు చూస్తూ కూర్చున్నాను. అక్క షాపు మీద గది ఎలా ఉంటుందో ఊహించుకున్నాను. రోడ్డు వైపు కిటికీ ఉందంది. మిషను ఆ కిటికీ కింద వేసుకోవచ్చు. పొద్దున లేస్తే అక్క గొంతు, పడుకునేదాకా అక్క గొంతు. విసుగొచ్చినా సరే, మనిషి గొంతు కదా. ఎండ పైకొచ్చింది. నీడ కొంచెం కొంచెం మా మీంచి జరిగిపోతోంది. మధ్యలో నా బెండు మునిగింది. అరవబోయి నోరు నొక్కుకున్నాను. మెల్లగా లాగితే జానెడు జెల్ల చేప. దాని ముల్లు గుచ్చుకుంటే రోజంతా సలుపు. తువ్వాలు కొసతో తల దగ్గర పట్టుకుని గేలం తీసి బుట్టలో వేశాను. చప్పుడు కానివ్వలేదు. కొత్త ఎర గుచ్చి మళ్ళీ వదిలాను. వెనక ఆయన కర్ర పైకి లేచిన అలికిడైతే ఎరల డబ్బా వెనక్కి జరిపాను. ఆయన వేళ్ళు తడుముకోకుండానే డబ్బాని అందుకున్నాయి. చాలాసేపు అలాగే గడిచింది. నా కోపం చల్లారలేదు గాని అలసిపోయింది.

“ఒరేయ్, ఆ సీసం ముక్క ఇటివ్వు.”

నా చెయ్యి గాల్లో ఆగింది. ఇక్కడ ఒరేయ్ అనిపించుకునేవాళ్ళు ఎవరూ లేరు. తిరిగి చూడబోయాను. పడవ ఊగుతుందని గుర్తొచ్చింది. కాదు, అబద్ధమెందుకు, ఆ గొంతు విని ఆగిపోయాను. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. తేలిగ్గా, ఇంట్లో చొక్కా విప్పి గాలికి కూర్చున్న మనిషి గొంతులా ఉంది. గేలం మునగడానికి కట్టే సీసం ముక్క వెతికి వెనక్కి చాపాను. తీసుకున్నాడు.

“మోకాలు మళ్ళీ లాగుతోందిరా. డాక్టరు మెట్లెక్కొద్దన్నాడు. ఇంట్లో చెప్పలేదు. చెబితే అది నన్ను కుర్చీలోంచి లేవనివ్వదు.”

‘అది’ అంటే నేనే.

“ఇవాళ బస్సులో చూడాలి. ఆ కుర్రాడు గేరు మార్చినప్పుడల్లా నా ఎడంకాలు దానంతటదే నొక్కుతోంది. దారంతా క్లచ్ నేనే తొక్కానురా. దిగేసరికి పిక్క పట్టేసింది.”

ఆయన ఆగాడు. బదులు కోసం ఆగాడని అర్థమైంది. ఏదో ఒకటి అనాలి, నా గొంతు తెలిసిపోకూడదు. గొంతు లోపలే, “ఊఁ” అన్నాను. అంతే, అది చాలింది. అప్పుడు నాకు తట్టింది. మా ఇంట్లో నోరు మూయని గడియారం ఈ పడవలో అన్నదల్లా ఊఁ ఒక్కటే. ఇక్కడ మాట్లాడేవాడు మా ఆయన.

మాట్లాడాడు. అమ్మో, ఎంత మాట్లాడాడని. చలికాలం నుంచీ పోగేసుకున్నదంతా కుమ్మరించాడు. రిటైరైన రోజు సభలో పెద్దాఫీసరు ఈయన పేరు తప్పు చదివితే, సరిదిద్దుతూ మళ్ళీ తప్పు చదివాడట. ఆ గొంతు అనుకరించి చూపించాడు.

“చివర్లో వాచీ ఇచ్చారురా. ఉద్యోగమంతా టైముకి రాలేదని తిట్టి, ఇక టైముతో పనిలేదన్న రోజున వాచీ. అదీ వారం తిరక్కుండా ఆగిపోయింది. మళ్ళీసారి పట్టుకొస్తాను, చూద్దువుగాని.”

సగం దాకా నవ్వు ఆపుకోవడానికి తువ్వాలు నోట్లో కుక్కుకున్నాను. ‘మళ్ళీసారి’ దగ్గర ఆ తువ్వాలే కళ్ళకి అద్దుకున్నాను. పిచ్చి ఆనందం ఒకవైపు, ఒళ్ళుమంట ఒకవైపు. ఇంత సరసమైన మనిషితో కాపురం చేశానా నేను? మరి ఆ మనిషిని నాకెందుకు చూపించలేదు? పోయినవాడి చోట కూర్చుని, వాడికి రావలసిన మాటల్ని దొంగలా వింటున్నాను. లేచి, నేనండీ, నేను అని చెప్పాలి. చెబితే ఆపేస్తాడు. ఇంకొక్క ముక్క విని చెబుదామనుకున్నాను. ఇంకొక్కటి, ఇంకొక్కటి.

ఎండ మా మోకాళ్ళ మీదికొచ్చింది. ఆయన ఈసారి మెల్లగా అన్నాడు.

“అది వెళ్ళిపోతుందిరా.”

నేను ఊఁ అనలేకపోయాను.

“మిషనుకి దుప్పటి కట్టేసింది. రోజూ లేవగానే వెళ్ళి చూస్తున్నాను, విప్పిందేమోనని. ఓసారి అది బజారుకెళ్ళినప్పుడు నేనే విప్పేద్దామని కూర్చున్నాను. ముడి ఊడలేదు. దాని ముడి ఊడదు.” చిన్నగా నవ్వాడు. “ఆ చప్పుడు లేకపోతే ఇల్లు ఇల్లులా లేదురా. మధ్యాహ్నం కన్ను మూతపడదు. అది మిషను తొక్కుతూ ఏదో ఒకటి చెబుతూ ఉంటుంది చూడు, ఆ టీచరమ్మ కర్టెన్లూ, ఎదురింటాయన ప్యాంట్లూ. అదంతా గుర్తుపెట్టుకుని ఆదివారం నీకు చెబుదామని వినేవాణ్ణి. మొదట్లో నీ కోసం విన్నాను. తర్వాత అది చెబుతోందని విన్నాను. ఇన్నేళ్ళూ ఈ పడవలో నీకు చెప్పి నవ్వించినవన్నీ దాని కబుర్లేగా. నావంటూ ఏమున్నాయి? అది పోతే నీకు చెప్పడానికి నా దగ్గర ఇంకేం ఉంటుందిరా?”

నీళ్ళ మీద నా బెండు మునగడం చూశాను. కర్ర నా చేతిలో వంగింది. లాగలేదు. ‘ఏముంటాయి’ అనేవాడు, నేను చేపలు కడుగుతూ అడిగితే. ఉన్నవన్నీ నావే. నా మాటలే ఈ చెరువులో ఇన్నేళ్ళూ తిరిగాయి, నేను ఇంట్లో కూర్చుని వాటి కోసమే కుళ్ళుకున్నాను. ఇంత తెలివితక్కువ మనుషులం ఇద్దరం ఒకచోట ఎలా పడ్డామో.

“వెళ్ళొద్దని చెప్పాలిరా. నోటిదాకా వస్తుంది. దాని మొహం చూడగానే గొంతు పట్టేస్తుంది. నువ్వు చెప్పు. నువ్వైతే ఏం చేస్తావు?”

ఆయన ఆగాడు. బదులు కోసం ఆగాడు. ఈసారి ఊఁతో పోదు.

“అడగరా” అన్నాను. “దాన్నే అడుగు.”

మొగుణ్ణి రా అనే నోరు కాదు నాది. ఎవరూ లేనప్పుడు కూడా ఆయన్ని మీరు అనే అన్నాను ఇన్నాళ్ళూ. ఆ మాట నాలోంచి ఎలా ఊడిపడిందో నాకే తెలియదు. గడియారం ఉంటే అదే అనేవాడని మాత్రం తెలుసు.

నా వీపు వెనక ఆయన వీపు చెక్కలా బిగిసింది. ఎక్కడో ఒక చేప ఎగిరి పడింది. ఆయన కర్ర పడవ అంచు మీద టక్కున పడటం వినబడింది.

“ఎప్పట్నించి వింటున్నావు?” అన్నాడు. గొంతు మళ్ళీ ఇంటి గొంతైపోయింది.

“సీసం ముక్క దగ్గర్నుంచి.”

“చెప్పొచ్చుగా.”

“చెబితే ఆపేసేవారుగా.”

పడిన కర్ర తీసి లోపల పెట్టుకున్న అలికిడైంది. తర్వాత, “వాడు పోయాడు” అన్నాడు. నాకు కొత్త సంగతి చెబుతున్నట్టు అన్నాడు. “వాడు పోయాడు కదూ.”

“అవునండీ.”

ఆయన ఏడుపు నేను చూడలేదు, వీపుతో విన్నాను. మొదట ఒక్క కుదుపు, తర్వాత ఆగకుండా. పడవ చుట్టూ నీళ్ళు చిన్న చిన్న వలయాలుగా కదిలాయి. వెనక్కి చెయ్యి చాపాను. డబ్బా అందుకున్నట్టే తడుముకోకుండా అందుకున్నాడు. ఆ వేళ్ళు తడిగా, చేపల వాసనతో ఉన్నాయి. ఎంతసేపు పట్టుకున్నామో తెలియదు.

ఏడుపు తగ్గాక ఆయన లేచాడు. పడవ ఇటూ అటూ ఊగి గుక్కెడు నీళ్ళు లోపలికి తీసుకుంది. “కూర్చోండి, మునుగుతాం” అంటున్నా వినకుండా చెక్క దాటి నా ముందుకొచ్చి, పడవ ముక్కు దగ్గర సంచి మీద కూర్చున్నాడు. ఎదురెదురుగా. మోకాళ్ళు తగులుతున్నాయి. రాత్రంతా నేను ఊహించుకున్నది ఇదే. కళ్ళు ఎర్రగా ఉబ్బి, గడ్డం మీద చెమటతో, నన్ను చూశాడు. పెదవులు కదిలాయి. నేను తువ్వాలు తీసేసి మొహం ఆయన వైపు పెట్టాను. అనండి, అనండి, అని లోపల్లోపల బతిమాలాను.

“ఎండ ఎక్కువైంది” అన్నాడు. “తువ్వాలు కప్పుకో.”

ఇంకొకతైతే చెరువులో దూకేది, లేదా ఆయన్ని తోసేది. నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. ఆయన మొహం చూస్తే జాలేసింది. మాట లేని మనిషి కాదు, మాట ఇరుక్కుపోయిన మనిషి. ఇంట్లో ఎప్పుడూ అన్నం ముందు పెట్టి ఎదురుగానే కూర్చున్నాను. మిషను దగ్గర ఆయన కుర్చీని నాకు ఎదురుగా తిప్పి వేశాను. ఎప్పుడెప్పుడు నోరు విప్పుతాడా అని ఇన్నేళ్ళూ ఆ మొహంలోకే చూస్తూ కూర్చున్నాను. ఒక్కరోజు అటు తిరిగి కూర్చుని ఉంటే?

తువ్వాలు కప్పుకున్నాను. చెక్క మీద కాళ్ళు ఒకటొకటిగా ఇవతలికి తిప్పి, తోక వైపు మొహం పెట్టి కూర్చున్నాను.

“ఏమైంది?” అన్నాడు, కంగారుగా.

“ఏం లేదు. ఇటు ఎండ తక్కువ.”

ఇటే ఎక్కువ. సూటిగా కళ్ళలో పడుతోంది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఖాళీ నీళ్ళలోకి చూస్తూ కూర్చున్నాను. వెనక ఏ అలికిడీ లేదు. అవతలి గట్టు మీద కాపలా ఆయన గుడిసె చిన్నగా కనబడుతోంది. మధ్యాహ్నమైంది. ఇంకాసేపటికి తెడ్లు వెయ్యాలి, బస్సెక్కాలి, ఇంటికెళ్ళాలి, అక్కకి చెప్పాలి. ఒక్క మాట కోసం నేను కూర్చున్న కూర్చోవడం చూస్తే అక్క చెప్పుతో కొట్టేది.

చెక్క కదిలింది. ఆయన వచ్చి నా వెనక కూర్చున్నాడు. వీపుకి వీపు ఆనింది. గొంతు సవరించుకున్నాడు. మానేశాడు. మళ్ళీ సవరించుకున్నాడు.

“ఒసేయ్” అన్నాడు.

నన్నెప్పుడూ అలా పిలవలేదు. ఇంట్లో నేను ‘ఇదిగో’ని. ఇంకెవరైనా ఒసేయ్ అంటే నాలుగు దులిపి పంపేదాన్ని. కానీ ఆ పిలుపు, ఇందాక ఒరేయ్ ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడి నుంచే వచ్చింది.

“ఆఁ” అన్నాను.

“వెళ్ళకే.”

నా ఎదురుగా నీళ్ళన్నీ కలిసిపోయి ఒకటే వెలుగైపోయాయి. ఈ ఒక్క మాటకే కదా బేరం పెట్టుకుని వచ్చాను, ఇది చాలనుకునే కదా. వచ్చింది. విన్నాను. చాలలేదు.

“ఇంకా?” అన్నాను.